నీళ్ళొచ్చాయి, మక్తా పెరిగింది: అభివృద్ధి బ్యాంకుల అప్పులూ గోదావరి డెల్టా పేదలూ

(అమలాపురంలో మహిళా సంఘాల సభ్యులు, రైతులు, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో సంఘాల నుంచి వచ్చిన అమ్మలు, అక్కలు ఉన్నారు. వెనక రైతులున్నారు, వాళ్ళలో సొంతం కొంతమంది, కౌలు చాలామంది. ఆ కిటికీల దగ్గర పిల్లలు నిలబడే ఉన్నారు. ఆ బెంచీలు ఇటు లాక్కుని కూర్చోండి బాబూ, గంట పైనే పడుతుంది.

నాకిచ్చిన విషయం ‘అభివృద్ధి బ్యాంకుల సహాయం, పేదరిక నిర్మూలన’. పెద్ద విషయం. ప్రపంచం మొత్తం తిరిగొచ్చి మాట్లాడొచ్చు. నేను మన కాలవ గట్టు దాటి ఎక్కువ దూరం వెళ్ళను. మన దగ్గర జరిగిందేమిటో తెలిస్తే మిగతా ప్రపంచంలో ఏం జరుగుతోందో చాలావరకు అర్థమవుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట ఎవరు కట్టారంటే చిన్నపిల్లాడు కూడా కాటన్ దొర అంటాడు. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. 1833లో కరువు చూసి, 1839లో ఉప్పెన చూసి, సగం చచ్చిన జిల్లా ఇది. దాన్ని నిలబెట్టాడు. సంకల్పంలో ఆయన పేరు చెప్పుకున్నవాళ్ళున్నారు మన తాతల్లో. చెప్పుకోవాలి కూడా. మరి ఇవాళ మన కాలవల్లోకి నీళ్ళు మళ్ళిస్తున్నది ఆ ఆనకట్టేనా? కాదు కదా. అది నూరేళ్ళు దాటేసరికి దెబ్బతింది. కొత్త బ్యారేజీ కట్టుకున్నాం. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. లెక్కేయండి, 175. పది లక్షల ఎకరాలు ఆ 175 గేట్ల మీద బతుకుతున్నాయి. కాటన్ దొర విగ్రహం ప్రతి సెంటర్లోనూ ఉంది. ఈ గేట్లకి డబ్బు ఎవరిచ్చారో ఎవరికైనా తెలుసా? ఒక్కరైనా? ... సరే.

1975లో ప్రపంచ బ్యాంకు ఇచ్చింది. ప్రపంచ బ్యాంకులో ఐడీఏ అని ఒక విభాగం ఉంది, అంతర్జాతీయ అభివృద్ధి సంఘం. 1960లో పెట్టారు, పేద దేశాలకి చౌకగా అప్పివ్వడానికి. ఆ ఐడీఏ గోదావరి బ్యారేజీ ప్రాజెక్టుకి 4.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అప్పట్లో డాలరు ఎనిమిది రూపాయల చిల్లర. అంటే మన డబ్బులో 36 కోట్ల పైమాట. 1975 నాటి 36 కోట్లు, గుర్తుంచుకోండి.

ఇక షరతులు వినండి. వడ్డీ లేదు. సర్వీసు ఛార్జీ అని నూటికి ముప్పావలా. నెలకి కాదమ్మా, ఏడాదికి. వందకి ఏడాదికి డెబ్భై ఐదు పైసలు. మొదటి పదేళ్ళు అసలులో పైసా కట్టక్కర్లేదు. మొత్తం తీర్చడానికి యాభై ఏళ్ళు గడువు. అప్పట్లో ఐడీఏ ఇచ్చే అప్పులన్నిటికీ అవే షరతులు. 1975కి యాభై కలపండి. ఆ అప్పు తీరేనాటికి, దాని నీళ్ళతో మొదటి దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నాట్లు ఊడ్చిన రైతు మనవడు చేలోకి దిగాడు.

ఈ ముప్పావలా అన్న మాట మనసులో పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచుకోను. అభివృద్ధి బ్యాంకుల అప్పు మన డెల్టాకి నిజంగా మేలు చేసింది. ఆ బ్యారేజీ లేకపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. 1986 ఆగస్టు వరద గుర్తున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. 35 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు వచ్చింది. గట్లు తెగాయి, ఊళ్ళు మునిగాయి, బ్యారేజీ నిలబడింది. కాబట్టి అప్పు తీసుకోవడమే తప్పు అనే మాట నేను అనను. నేననేది ఒక్కటే. ఆ మేలు పొలంలోకి దిగింది. దిగి, ఆ పొలం ఎవరి పేరున ఉందో వాళ్ళ దగ్గర ఆగిపోయింది. ఆ చేను దున్నేవాడి దాకా, ఊడ్చే మనిషి దాకా రాలేదు. ఎందుకు రాలేదో చెప్పుకోవడానికే ఇవాళ వచ్చాను.

ముందు ఈ బ్యాంకులేమిటో రెండు ముక్కల్లో చెబుతాను, పిల్లల కోసం. రెండో ప్రపంచ యుద్ధం ముగియకముందే, 1944లో, బ్రెటన్ వుడ్స్ అనే చోట దేశాలన్నీ కూర్చుని ప్రపంచ బ్యాంకు పెట్టుకున్నాయి. మన దేశం ఇంకా స్వతంత్రం కాలేదు, అయినా వ్యవస్థాపక సభ్యదేశమే. 1949లో రైల్వేల కోసం మొదటి అప్పు తీసుకున్నాం. తర్వాత 1966లో మనీలాలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వచ్చింది. ఈ మధ్య షాంఘైలో ఒకటి, బీజింగులో ఒకటి వచ్చాయి. వీళ్ళకి డబ్బు ఎక్కడిది? చాలామంది అనుకుంటారు, అమెరికా వాడు సంచీ విప్పి ఇస్తాడని. కాదు. మన సంఘంలో పదిమంది అక్కలు ఒకరికొకరు పూచీ పడితే, ఒక్కత్తికి పుట్టని అప్పు పదిమందికీ తక్కువ వడ్డీకి పుడుతోందా లేదా? ఇదీ అంతే. దేశాలన్నీ పూచీ పడతాయి, ఆ పూచీ చూసి బజారులో జనం ఆ బ్యాంకు అప్పు పత్రాలు, అంటే బాండ్లు, కొంటారు, ఆ డబ్బు మనకి అప్పుగా వస్తుంది. ఐడీఏ ఒక్కటే వేరు. దానికి డబ్బున్న దేశాలు మూడేళ్ళకోసారి తమ ఖజానాల్లోంచి వేస్తాయి. అందుకే అంత చౌక.

2014 తర్వాత మనం ఆ చౌక అప్పుల జాబితాలోంచి బయటికొచ్చాం, దేశం ఆదాయం పెరిగింది కాబట్టి. ఇప్పుడు తెచ్చేది బజారు వడ్డీకి దగ్గర్లో ఉండే అప్పు. ఇంకోటి కూడా ఉంది. 2005 దాకా బయటి అప్పు కేంద్రం తెచ్చి, మన లాంటి రాష్ట్రాలకి 70 పాళ్ళు అప్పుగా, 30 పాళ్ళు గ్రాంటుగా ఇచ్చేది. డాలరు రేటు పెరిగితే ఆ నష్టం కేంద్రానిది. పన్నెండో ఆర్థిక సంఘం చెప్పాక ఆ పద్ధతి మారింది. ఏ షరతులకి తెస్తే అవే షరతులకి రాష్ట్రానికి ఇస్తున్నారు. రూపాయి పడిపోతే ఆ భారం రాష్ట్రానిది, అంటే మనది. కాబట్టి అప్పు ఎవరికి ఉపయోగపడింది అన్న ప్రశ్న మా కాలంలో కంటే మీ కాలంలో ఇంకా గట్టిగా అడగాలి బాబూ.

ఇప్పుడు 1973కి వెళ్దాం. బ్యారేజీ అప్పుకి రెండేళ్ళ ముందు. అప్పటిదాకా ప్రపంచ బ్యాంకు అంటే ఆనకట్టలు, కరెంటు, రైళ్ళు, రోడ్లు. దేశం సంపద పెరిగితే పేదవాడి దాకా అదే వస్తుంది అనుకునేవాళ్ళు. 1973లో నైరోబీలో జరిగిన సమావేశంలో ఆ బ్యాంకు అధ్యక్షుడు మెక్‌నమారా లేచి, అలా రావడం లేదని చెప్పాడు. పేద దేశాల్లో అడుగున ఉన్న నూటికి నలభై మందిని ఈ అభివృద్ధి తాకడం లేదని, పల్లెల్లోని చిన్న రైతుకి నేరుగా చేరాలని అన్నాడు. బ్యాంకు పెద్ద నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత సాగునీటికి, వ్యవసాయానికి అప్పులు బాగా పెరిగాయి. మనదీ ఆ రోజుల్లోదే.

బాగుంది. చిన్న రైతుకి చేరాలి అన్నారు. మన డెల్టాలో చిన్న రైతు ఎవరు? అడంగల్లో, అంటే ఊరి భూమి రికార్డులో, పేరున్నవాడా, చేలో కాలు పెట్టినవాడా?

ఇక్కడ ఆగాలి. ఇదే అసలు ముడి.

మనది దేశంలో కౌలు బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి. భూమి ఉన్నవాళ్ళ పిల్లలు చదువుకుని వెళ్ళిపోయారు. హైదరాబాదులో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. చేను ఇక్కడుంది. మక్తాకి, అంటే ధాన్యంగా కట్టే కౌలుకి, ఇస్తారు. కాయితం ఉండదు, నోటి మాట. ఎకరానికి ఇన్ని బస్తాలు అని. ఎన్ని బస్తాలో మీకు నేను చెప్పక్కర్లేదు. పండినా అన్నే, ఎండినా అన్నే, మునిగినా అన్నే. ఆ బస్తాల లెక్క దేన్ని చూసి కడతారు? శివారు చేను మక్తా, కాలవ మొదట్లో చేను మక్తా ఒకటేనా? దాళ్వా ఖాయంగా పండే చేను, సార్వా, అంటే తొలి పంట, ఒక్కటే పండే చేను ఒకటేనా? కాదు. నీళ్ళని చూసి కడతారు. అంటే ఏమైంది? ముప్పావలా సర్వీసు ఛార్జీతో దేశం తెచ్చిన డబ్బు 175 గేట్లయింది. గేట్లు నీళ్ళయ్యాయి. నీళ్ళు రెండో పంటయ్యాయి. రెండో పంట మక్తా అయింది. మక్తా బస్తాలై కామందు గారి, అంటే భూమి యజమాని, వాకిట్లో దిగింది. కౌలు రైతుకి మిగిలింది మామూలు ఏడాదిలో గడ్డి, నాలుగు గింజలు. చెడ్డ ఏడాదిలో బాకీ.

నేను భూస్వాములని తిడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. ఈ హాల్లోనే చేను మక్తాకి ఇచ్చినవాళ్ళున్నారు, వాళ్ళలో మంచివాళ్ళున్నారు. ముంపు వచ్చిన ఏడు బస్తాలు తగ్గించుకున్నవాళ్ళని నాకు తెలుసు. నేను చెప్పేది మనిషి మంచితనం గురించి కాదు. నీటి మీద ఖర్చుపెట్టిన ప్రతి రూపాయి భూమి ధరలోకీ మక్తాలోకీ ఇంకిపోయేలా ఇక్కడి ఏర్పాటు ఉంది. అది చూడకుండా ఎంత అప్పు తెచ్చినా పేదరికం తగ్గిందని చెప్పుకోలేం.

ఇక ముప్పావలా దగ్గరికి వస్తాను. కౌలు రైతుకి పెట్టుబడి ఎక్కడిది? సహకార సొసైటీకి వెళ్తే భూమి పాసు పుస్తకం అడుగుతారు. పాసు పుస్తకం కామందు గారిది. దాని మీద పంట రుణం ఆయనే తీసుకుని ఉంటారు. కాబట్టి ఈయన కమీషన్ వ్యాపారి దగ్గరికి వెళ్తాడు. ఎరువు, పురుగుమందు అరువు. చేతి బదులు రెండు రూపాయలు, మూడు రూపాయలు వడ్డీ. నెలకి. మూడు రూపాయలంటే ఏడాదికి నూటికి 36. దేశం నూటికి ముప్పావలా కట్టి తెచ్చిన నీళ్ళు పారిస్తున్న మనిషి, నూటికి ముప్పై ఆరు కడుతున్నాడు. పైగా ధాన్యం ఆ వ్యాపారికే పోయాలి, ఆయన చెప్పిన ధరకే. ఇది ఎవరి పేదరికం? ఎవరి అభివృద్ధి?

కౌలుదారు కోసం చట్టాలు లేవా? ఉన్నాయి. 1956 నాటి కౌలు చట్టం ఉంది. 2011లో ఒక చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో ఇంకో చట్టం, పంట సాగుదారు హక్కుల చట్టం. పదకొండు నెలల కార్డు. దానికి భూ యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఎంతమంది పెడుతున్నారు? వెనక నుంచి ఎవరో తల అడ్డంగా ఊపుతున్నారు. అవునండీ. సంతకం పెడితే భూమి మీద హక్కు వస్తుందేమోనని భయం. రాదని చట్టంలోనే రాసి ఉంది. అయినా భయం. ఆ సంతకం లేకపోతే పంట నష్టపరిహారం చేను మీద లేనివాడి ఖాతాలో పడుతుంది. మునిగింది ఒకరు, డబ్బు పడింది ఇంకొకరికి.

వెలుగు సంగతి

ఇప్పుడు ముందు వరస వాళ్ళ సంగతి. అమ్మా, మీరు ఇప్పటికీ ‘వెలుగు ఆఫీసు’ అంటారు. పేరు మారి ఇరవై ఏళ్ళవుతోంది, ఇందిరా క్రాంతి పథం అన్నారు, తర్వాత ఇంకేవో అన్నారు, మీకు మాత్రం అది వెలుగు ఆఫీసే. ఆడవాళ్ళ సంఘాల ద్వారా పేదరికం తగ్గించడానికి పెట్టిన ఆ వెలుగు పథకం కూడా ప్రపంచ బ్యాంకు అప్పుతో వచ్చిందే. 2000లో ఆరు జిల్లాల్లో మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్. 11 కోట్ల డాలర్ల పైన. మన జిల్లాలు అందులో లేవు, డెల్టా డబ్బున్నదని. 2003లో 15 కోట్ల డాలర్లతో రెండో ప్రాజెక్టు వచ్చినప్పుడు మిగతా జిల్లాలతో పాటు ఉభయ గోదావరులూ చేరాయి.

నేను చూసిన అప్పుల్లో పేదవాళ్ళ చేతికి నిజంగా అందింది ఇదే. ఎందుకంటే ఇది కాంట్రాక్టరు చేతికి పోలేదు. అంతకుముందే మన ఆడవాళ్ళు డ్వాక్రా గ్రూపుల్లో రూపాయి రూపాయి కూడబెట్టుకుంటున్నారు. నాబార్డు 1992 నుంచే గ్రూపులకి బ్యాంకు లింకేజీ, అంటే బ్యాంకు నుంచి అప్పు, చూపిస్తోంది. ఆ పునాది మీద గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య కట్టారు. బియ్యం అప్పు గుర్తుందా? వర్షాకాలంలో పనుల్లేని రోజుల్లో సమాఖ్య టోకున బియ్యం కొని ఇంటికి బస్తా ఇచ్చి, నెలనెలా కట్టించుకునేది. ఆకలి కాలంలో మూడు రూపాయల వడ్డీకి వెళ్ళకుండా ఆపింది అది. ధాన్యం కొనుగోలు కేంద్రాలు పెట్టి తూకం వేసింది మీరు. తేమ చూసే యంత్రం పట్టుకుని రైతుతో మాట్లాడింది మీరు. దాని మీద ప్రపంచ బ్యాంకు పరిశోధకులే అధ్యయనాలు చేశారు. ఎక్కువ కాలం కార్యక్రమంలో ఉన్న ఊళ్ళలో తిండి, ఇంటి ఖర్చు మెరుగుపడ్డాయని తేలింది. ఆ నమూనానే 2011లో దేశమంతా జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషనుగా తీసుకున్నారు. ఇక్కడ పుట్టి దేశానికి వెళ్ళింది. అది మీ గొప్పతనం.

అంతా చెప్పాక, ఒక సంఘం మీటింగు సంగతి చెప్పాలి. ఊరి పేరు చెప్పను. ఈ మధ్యనే కూర్చున్నాను. లింకేజీ రుణం వచ్చింది, ఎవరికెంత, దేనికి అని పుస్తకంలో రాస్తున్నారు. సంఘం లెక్కలు రాసే యానిమేటరు అమ్మాయి గీతలు గీసి వరసగా రాస్తోంది. పేరు, మొత్తం, ‘ప్రయోజనం’. మొదటి పేరు, గేదె. రెండోది, గేదె. మూడోది, కుట్టు మిషను. నాలుగోది, గేదె. అయిదోది, గేదె. నేను పక్కనున్న ఆవిణ్ణి అడిగాను, ‘అమ్మా, ఈ వీధిలో ఇన్ని గేదెలు ఎక్కడ కడతారు?’ అని. ఆవిడ దాచలేదు. ‘గేదె అని రాస్తేనే బాగుంటుందండీ. పోయిన సార్వా మునిగింది కదండీ, మక్తా బాకీ ఉండిపోయింది. అది కడితేనే ఈ ఏడు చేను మా ఆయనకి ఉంచుతారు. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు’ అంది. ఆ పక్కావిడ ‘మాదీ అదేనండీ’ అంది. మూడో ఆవిడ కూతుర్ని కువైట్ పంపడానికి ఏజెంటుకి కట్టాలి.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎంతమంది పుస్తకంలో ఆ గేదె ఉందో నేను అడగను. కానీ జరుగుతున్నది చూడండి. బ్యారేజీ అప్పు నీళ్ళయి మక్తా పెంచింది. వెలుగు అప్పు ఆడమనిషి పేరున వచ్చి ఆ మక్తా కట్టింది. రెండూ పేదరికం తగ్గించడానికి తెచ్చిన అప్పులే. రెండూ తిరిగి తిరిగి ఒకే వాకిట్లో చేరాయి. మధ్యలో కిస్తీ మాత్రం ఆవిడ కడుతోంది. నెల నెలా తప్పకుండా కడుతోంది. రికవరీ బాగుందని బ్యాంకువాళ్ళు మెచ్చుకుంటున్నారు. రికవరీ బాగుంటే పేదరికం తగ్గినట్టేనా? ఆ కిస్తీ కట్టడానికి ఆవిడ ఎన్ని రోజులు కూలికి వెళ్ళిందో పుస్తకంలో ఏ గడిలో ఉంది?

వెలుగులోనే భూమి కొనుగోలు పథకం ఉండేది, తెలుసా? భూమి లేని దళిత మహిళలకి సమాఖ్య ద్వారా ఎకరం, అరెకరం కొనిచ్చే పథకం. మెట్ట జిల్లాల్లో కొంత జరిగింది. ఇక్కడి ధరలకి అది ఎలా కుదురుతుంది? ఎకరం ధర వినగానే ఫైలు మూసేస్తారు. మరి ఆ ధర ఎందుకంత? మళ్ళీ నీళ్ళ దగ్గరికే వస్తాం.

గేట్లు కట్టారు, డ్రెయిన్ల సంగతి

ఇంకో సంగతి. అప్పు కొత్త పనికి వస్తుంది. ఏటా చేసే పనికి రాదు. బ్యారేజీకి వస్తుంది, పూడిక తీయడానికి రాదు. మన డెల్టాకి నీళ్ళు పెట్టడం ఎంత ముఖ్యమో, నీళ్ళు తీయడం అంత ముఖ్యం. ఈ మాట 1960ల్లోనే మిత్రా కమిటీ చెప్పింది. మురుగు కాలవలు బాగుచేయాలని రిపోర్టు ఇచ్చింది. డ్రెయినేజీ సెస్సు కూడా మన దగ్గర వసూలు చేశారు. ఇవాళ ఏ డ్రెయిన్ అయినా చూడండి, గుర్రపుడెక్క. నీళ్ళు కనబడవు, పచ్చగా చేనులా ఉంటుంది. నాలుగు రోజులు వాన పడితే చేను నాలుగు రోజులు నీళ్ళలోనే.

1996లో నీటితీరువా, అంటే కాలవ నీటి పన్ను, ఒక్కసారిగా మూడింతలు చేశారు. మరుసటేడు చట్టం చేసి, రాష్ట్రమంతా పది వేలకి పైగా నీటి సంఘాలు పెట్టి, రైతులకి అప్పగిస్తున్నాం అన్నారు. ఆ సంస్కరణల వెనక ప్రపంచ బ్యాంకు ఉంది. 1998లో రాష్ట్ర ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పేరుతో 54 కోట్ల డాలర్ల అప్పు వచ్చింది, అందులో ఇదీ ఒక భాగం. ఆలోచన మంచిదే అంటాను నేను. తీరువా కట్టినవాడికి కాలవ మీద మాట ఉండాలి. మొదట్లో కొన్నిచోట్ల కాలవ కాసే లస్కరు కోసం చూడకుండా రైతులే బోదెలు, అంటే పిల్లకాలవలు, బాగుచేసుకున్నారు. కానీ సంఘంలో ప్రధానంగా ఓటు ఎవరిది? భూమి కాయితం ఉన్నవాడిది. రాత్రి పూట గడ్డపార పట్టుకుని తూము దగ్గర కాపలా కాసే కౌలుదారుకి, కాయితం లేకపోతే చోటు దక్కలేదు. ఎన్నికలు పార్టీల వంతయ్యాయి, నిధులు కాంట్రాక్టుల వంతయ్యాయి. అప్పు గడువు అయిపోయింది, పూడిక మిగిలింది.

ఫలితం 2011లో చూశాం. కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించారు. వేల ఎకరాలు బీడు. దేశం మొత్తం ఇటు తిరిగి చూసింది, అన్నపూర్ణ అన్న చోట చేను ఎందుకు మానేశారని. గిట్టుబాటు ధర లేదు, డ్రెయిన్లు బాగులేవు, ఖర్చు పెరిగింది అన్నారు. ప్రభుత్వం కమిటీ వేసింది. రైతుల బాధ నిజమే, నేను కాదనను. కానీ ఆ ఏడు ఊడ్పులు లేక, కోతలు లేక కూలి పోయింది ఎవరికి? వాళ్ళ పేరు ఏ డిమాండులో ఉంది? నేను అప్పటి పేపర్లు తిరగేశాను. ధర గురించి, నీరు గురించి పేజీలు పేజీలు ఉన్నాయి. ఊడ్పు కూలీ గురించి వెతుక్కోవాల్సి వచ్చింది.

తుఫాను అప్పుల సంగతి త్వరగా చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి మనం మర్చిపోలేం. వెయ్యి మందికి పైగా పోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు ఏ ఇంట్లో చూసినా ఏడుపే. లక్షల కొబ్బరి చెట్లు కూలాయి. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో పునరావాసం జరిగింది, 2010 నుంచి ఇంకో ప్రాజెక్టుతో తీరం వెంట తుఫాను షెల్టర్లు, రోడ్లు, వంతెనలు, ఉప్పునీటి గట్లు కట్టారు. ఈ డబ్బు మీద నాకు ఫిర్యాదు తక్కువ. షెల్టరు మెట్లెక్కేటప్పుడు ఎవరూ పాసు పుస్తకం అడగరు. మేలు నేరుగా మనిషికి చేరింది కాబట్టి అది పనిచేసింది. నేను మొదటి నుంచి చెబుతున్నదానికి ఇదే రుజువు.

మనం అడగవలసింది

సరే, ఏం చేయాలి అని అడుగుతారు. పిల్లలు తప్పకుండా అడుగుతారు.

మొదట, ఈ అప్పుల కాయితాలు రహస్యం కాదని తెలుసుకోండి. 2010 నుంచి ప్రపంచ బ్యాంకు విధానమే అది. కొన్ని మినహాయింపులు తప్ప ప్రాజెక్టు పత్రాలన్నీ ఎవరైనా చూడొచ్చు. అప్పు దేనికి, ఎవరికి మేలు, పని అయ్యాక ఎంత జరిగింది, ఎక్కడ విఫలమైంది, వాళ్ళే రాసుకుంటారు. ఇంగ్లీషులో ఉంటాయి, వందల పేజీలు. మీరు డిగ్రీ చదువుతున్నారు. మన జిల్లాకి సంబంధించిన పదిపేజీలు తీసి తెలుగు చేసి మీ ఊళ్ళో చదివి వినిపించండి. దానికంటే మంచి ప్రాజెక్టు వర్కు ఏముంటుంది?

రెండోది, ఆ బ్యాంకు పని వల్ల నష్టం జరిగిందనుకుంటే వాళ్ళ మీదే ఫిర్యాదు చేయొచ్చు. 1993 నుంచి ప్రపంచ బ్యాంకులో తనిఖీ సంఘం ఉంది. ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి కాదు. అమరావతి రాజధాని కోసం ఇవ్వాలనుకున్న అప్పు మీద అక్కడి రైతులు కొందరు 2017లో ఆ సంఘానికి రాశారు. ఆ సంఘం దాన్ని పరిశీలించింది. 2019లో ఆ అప్పు ప్రతిపాదన వెనక్కి పోయింది. మళ్ళీ 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరో 80 కోట్ల డాలర్లకి అటూ ఇటూగా మంజూరు చేశాయి. అది మంచిదా చెడ్డదా అన్నది ఇవాళ్టి విషయం కాదు. నేను చూపించాలనుకున్నది ఇంకొకటి. అమరావతిలో భూమి ఇచ్చినవాళ్ళకి ప్లాట్లు, కౌలు సొమ్ము ఇచ్చారు. దాంతో పాటు భూమి లేని కూలి కుటుంబాలకి నెలకి 2,500 రూపాయల పింఛను పెట్టారు. సరిపోతుందా లేదా పక్కన పెట్టండి. భూమి లేనివాడు కూడా ఆ భూమి మీద బతుకుతున్నాడని సర్కారు కాయితం మీద ఒప్పుకుంది. అక్కడ ఒప్పుకున్నది ఇక్కడెందుకు ఒప్పుకోకూడదు?

మన డెల్టాకి రేపు మళ్ళీ అప్పు వస్తుంది. కాలవల ఆధునికీకరణకి కావచ్చు, డ్రెయిన్లకి కావచ్చు, సముద్రం ముందుకు వస్తోంది కాబట్టి గట్లకి కావచ్చు. రావాలి కూడా. వచ్చినప్పుడు నా కోరిక ఇది. నీళ్ళ మీద పెట్టే ప్రతి అప్పుకీ కౌలు నమోదు ఒక షరతుగా ఉండాలి. యజమాని సంతకం లేకుండా, చేలో ఎవరున్నారో ఊళ్ళో నలుగురి ముందు చదివి రాసుకునే నమోదు. బ్యాంకులు కరెంటు ఛార్జీలు పెంచమని షరతు పెట్టగలిగాయి, తీరువా పెంచమని పెట్టగలిగాయి. ఈ ఒక్క షరతు ఎందుకు పెట్టలేవు? మనం అడగలేదు కాబట్టి. అలాగే సంఘం పుస్తకంలో ‘ప్రయోజనం’ అన్న గడిలో మక్తా బాకీ అని ధైర్యంగా రాసుకునే వీలుండాలి. అప్పుడే ఎంత డబ్బు అటు పోతోందో పైవాళ్ళకి తెలుస్తుంది. గేదె అని రాసినంత కాలం రాష్ట్రంలో పాడి పెరిగిందనే లెక్క వస్తుంది.

అమ్మా, మీ సమాఖ్యలో వచ్చే నెల మీటింగు ఉంటుంది కదా. మీ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు కౌలుకి చేస్తున్నాయి, ఎంత మక్తా, బాకీ ఎంత, ఏ వడ్డీకి తెచ్చారు, అది రాయండి. ప్రభుత్వం రాసేదాకా ఆగకండి. మీకు రాయడం వచ్చు, లెక్క వచ్చు, ఇల్లిల్లూ తెలుసు. ఏ బ్యాంకు సర్వేకీ దొరకని వివరం అది. ఈ పిల్లలు వచ్చి సాయం చేస్తారు. చేస్తారు కదా బాబూ? చేతులెత్తండి, చూస్తాను. ... సరే, ఆ ఎత్తినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు వెళ్ళే ముందు ఆ టేబుల్ దగ్గర రాసి వెళ్ళండి.

ఇక నేను ఆపుతాను, మీరు అడగండి. మైకు ముందు వెనక వరసకి ఇవ్వండి. కౌలుకి చేస్తున్నవాళ్ళు ముందు మాట్లాడాలి, మిగతావాళ్ళం తర్వాత. ఆ మూల తువ్వాలు వేసుకున్న పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు, ఆయనతో మొదలుపెడదాం. చెప్పండి బాబాయ్, మీరెన్ని ఎకరాలు చేస్తున్నారు?